చెక్కిన చేతి పేరు

ఇటీవల ఒక చిత్రకళా సంపుటంలో జర్మను చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ కల్పించిన ‘నలుగురు ఆశ్వికులు’ అన్న ప్రసిద్ధ చిత్రాన్ని మరల చూచుట తటస్థించినది. 1498లో న్యూరెంబర్గు నగరంలో లాటిను, జర్మను భాషలలో వెలువడిన ‘అపోకలిప్సు’ గ్రంథంలోని పదిహేను పెద్ద కొయ్యచిత్రాలలో అది ఒకటి. నాలుగు గుర్రాలు ఒకదాని నొకటి ఒరసికొనుచు దూకుచుండగా, కాళ్ళ క్రింద రాజనక, పేదయనక మానవులు నలిగిపోవుచుండు దృశ్యం. చూచిన కొలదిని గుండె జల్లుమనును. చిత్రం క్రింద ఒకే పంక్తి ఉన్నది: ‘డ్యూరర్ చెక్కినది’.

ఆ ఒక్క క్రియాపదమే ఈ నాలుగు మాటలు వ్రాయుటకు నన్ను పురికొల్పినది. డ్యూరర్ గీచినాడు, అందులో సందేహం లేదు. కాని చెక్కినవాడు కూడ అతడేనా?

ఈ ప్రశ్నకు పండితులలో ఏకాభిప్రాయం లేదు. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలలో డ్యూరర్ చిత్రాల కొయ్యదిమ్మెలు కొన్ని నేటికిని భద్రంగా ఉన్నవి. వానిని పరిశీలించిన విలియం ఐవిన్సు, ఇంత సూక్ష్మమైన పనితనం చిత్రకారుని సొంత చేతిదే అయి ఉండవలెనని వాదించినాడు. ఇతరులు ఒప్పుకొనలేదు. యౌవనంలో డ్యూరర్ తానే కొన్ని దిమ్మెలు చెక్కి ఉండవచ్చును. కాని చేతినిండ పనివచ్చిన తరువాత ఆ శ్రమను వృత్తిపనివారికి అప్పగించినాడనుట అందరును అంగీకరించిన విషయం. ఆ పనివారి పేర్లు మాత్రం మన పుస్తకాలలో ఎక్కడను కానరావు. ఇది ఒక చిన్న పొరపాటుగా నాకు తోచుట లేదు.

ఈ పని ఎట్లు జరుగునో కొంచెం వివరంగా చెప్పుకొననిదే నా వాదం నిలువదు. బందరు అద్దకపు బట్టల కొరకు పెడనలో టేకు దిమ్మెలపై పువ్వులు, లతలు చెక్కువారిని చూచినవారికి దీని మూలసూత్రం వెంటనే తెలియును. అచ్చులో కనిపించవలసిన గీత ఎత్తుగా నిలిచి ఉండవలెను, కనిపించకూడనిదంతయు తొలగిపోవలెను. అనగా చెక్కువాడు గీతను చెక్కడు. గీత చుట్టును ఉన్న శూన్యాన్ని చెక్కును. కలం పట్టినవాడు నల్లని గీత గీయును. కత్తి పట్టినవాడు తెల్లని చోటును త్రవ్వును. ఇద్దరి చేతులును ఎదురెదురుగా నడచును.

పదిహేను, పదునారవ శతాబ్దాల ఐరోపాలో ఇందుకు ఎక్కువగా బేరిచెట్టు కొయ్యను వాడెడివారు. నార వాటాన నిలువునా కోసిన పలకను బాగుగా ఆరబెట్టి, చిత్రికపట్టి నునుపు చేసి, దానిపై చిత్రకారుడు కలంతో తిన్నగా బొమ్మ గీయుటయో, గీచిన కాగితాన్ని బోర్లించి అంటించుటయో జరిగెడిది. ఆ మీద చెక్కడపు పనివాడు చిన్న కత్తితో గీత ప్రక్కన ఒక కోత పెట్టును. దానికి ఎదురుగా ఏటవాలుగా మరియొక కోత. రెండును లోపల కలిసికొన్నచోట సన్నని పేడు లేచివచ్చును. గీతకు రెండవ ప్రక్కన మరల రెండు కోతలు. ఇట్లు ఒక్కొక్క గీతకు నాలుగు కోతలు. కత్తి ఏ మాత్రం లోపలికి వాలినను గీత మొదలు సన్నగిల్లి, అచ్చుయంత్రం బరువుకు విరిగిపోవును. కావున గీత అడుగున వెడల్పుగాను, కొసన సన్నగాను, చెరువుగట్టువలె నిలుచునట్లు కోయవలెను. గీతల నడుమ విశాలమైన తెల్లని చోటు ఉన్నచో దానిని ఉలితో మరింత లోతుగా తీసివేయవలెను. లేనిచో సిరా పట్టించు తోలుగుబ్బ అక్కడ తగిలి మరక పడును.

కొయ్యకు ఒక స్వభావం ఉన్నది. నార వెంట కోసిన కత్తి జారి అక్కరలేనంత దూరం చీల్చుకొనిపోవును. నారకు అడ్డంగా కోసిన కత్తి మొరాయించును. వంపు తిరిగిన ప్రతి గీతలోను ఈ రెండు సంకటాలును వెంటవెంటనే ఎదురగును. ఒక గుర్రపు జూలులోనో, ఒక స్త్రీ కురులలోనో ఎన్ని వంపులు ఉండునో పాఠకులే ఊహించుకొనవచ్చును. తప్పు జరిగినచో చెరిపివేయుటకు వీలులేదు. ఆ భాగాన్ని త్రవ్వితీసి, క్రొత్త కొయ్యముక్కను బిగించి, మరల గీయించి, మరల చెక్కవలెను. పాత దిమ్మెలలో అట్టి అతుకులు కనిపించుచున్నవి.

అన్నిటికంటె కష్టమైనది అడ్డుగీతల అల్లిక. నీడను చూపుటకు చిత్రకారుడు కలంతో ఒక వరుస గీతలు గీచి, వానిమీద అడ్డంగా మరియొక వరుస గీయును. కలానికి అది క్షణకాలపు ఆట. కొయ్యమీద అట్లు కాదు. అల్లుకొన్న గీతల నడుమ ఏర్పడు ఒక్కొక్క చిన్ని గడిని వేరువేరుగా, నాలుగు గోడలును చెడకుండ, త్రవ్వితీయవలెను. బొటనవ్రేలి గోరంత నీడలో అట్టివి పదులకొలది ఉండవచ్చును. చిత్రకారుడు తన సులువు కొరకు గీచిన అడ్డుగీత మరియొకని కండ్లమీద ఎంత భారమైనదో ఆ చిత్రాలను మెచ్చుకొనువారు ఆలోచింపరు. నేనును చాలకాలం ఆలోచింపలేదు.

ఇంత శ్రమ ఎందుకు పడినారన్నచో, కారణం ముద్రణాలయంలో ఉన్నది. కొయ్యదిమ్మెను సీసపు అక్షరాలతో సమానమైన ఎత్తుకు కోసినచో, అక్షరాలను, బొమ్మను ఒకే చట్రంలో బిగించి, ఒకే సిరాతో, ఒకే త్రోపుడుతో అచ్చువేయవచ్చును. రాగిరేకు చిత్రానికి ఆ సౌకర్యం లేదు. దాని సిరా గీతలోపల ఉండును, దాని యంత్రం వేరు. కావుననే పుస్తకాలలోని బొమ్మలకు కొయ్యయే ఆధారమైనది. తొలినాళ్ళలో ఈ కలయిక సామరస్యంగా జరిగినదని తలపరాదు. 1470 ప్రాంతంలో గుంటర్ జైనర్ అను ముద్రాపకుడు ఆగ్స్‌బర్గు నగరంలో బొమ్మల పుస్తకాలు వేయబూనగా అక్కడి చెక్కడపు పనివారి సంఘం అడ్డుపడినది. ఒక మఠాధిపతి మధ్యవర్తిత్వం వహించగా, సంఘంలోని పనివారిచేతనే చెక్కించుకొనవలెనన్న నిబంధనపై రాజీ కుదిరినది. యంత్రం వచ్చినపుడు చేతిపనివాడు తన కూటి కొరకు పెనుగులాడుట ఇటీవలి కథ అనుకొనువారు ఈ సంఘటనను గమనింతురు గాక.

ఇక పేర్ల సంగతి. 1493లో న్యూరెంబర్గులో అంటోను కోబర్గర్ ముద్రించిన హార్ట్‌మాన్ షెడెల్ లోకచరిత్రను చూడుడు. 645 దిమ్మెలతో 1800లకు పైగా బొమ్మలు వేసినారు. అనగా ఒకే దిమ్మెను పలుమార్లు వాడినారన్నమాట. ఒకే నగరచిత్రం ఒకచోట డమాస్కసు, వేరొకచోట మిలాను, ఇంకొకచోట మాంటువా అయి కూర్చున్నది! ఆ కాలపు పాఠకులు దీనిని తప్పుపట్టినట్లు లేదు. ఆ గ్రంథం చివర చిత్రకారులైన వోల్గెముట్, ప్లైడన్‌వుర్ఫ్ ఇరువురి పేర్లును గౌరవంగా అచ్చువేసినారు. ధనం పెట్టినవారి పేర్లును ఉన్నవి. ఆరువందల పైచిలుకు దిమ్మెలు చెక్కినవారి పేరు ఒక్కటియు లేదు. ఆ వోల్గెముట్ కర్మశాలలోనే 1486 నుండి బాలుడైన డ్యూరర్ శిష్యరికం చేసినాడు. కత్తికి ఏ గీత లొంగునో, ఏది లొంగదో అతడు నేర్చుకొన్నది అక్కడనే. అతని కొయ్యచిత్రాలలో గీత ఒకచోట ఉబ్బి, కొసకు వచ్చుసరికి సూదివలె సన్నగిల్లును. అది కలం నడక ఎంతయో, కత్తి నడక అంతే. పేరులేని ఆ పనివారు అతనికి గురువులు కారని ఎవరనగలరు?

మాక్సిమిలియను చక్రవర్తి కథ మరింత విచిత్రమైనది. ఆయనకు రాతితో కట్టిన విజయతోరణం లేదు, కాగితంతో కట్టించుకొన్నాడు. 190కి పైగా దిమ్మెలు, ముప్పదియారు పెద్ద కాగితాలు. అన్నిటిని కలిపి అంటించినచో పదకొండడుగులకు పైగా ఎత్తున నిలుచు తోరణచిత్రం. 1515 అన్న సంవత్సరం దానిపై ఉన్నది. చెక్కడం ముగియుటకు మరి రెండు మూడేండ్లు పట్టినది. ఆ చిత్రం క్రింది మూలలో మూడు కులచిహ్నాలు కనిపించును: వస్తుప్రణాళిక కూర్చిన పండితుడు స్టాబియుసుది ఒకటి, ఆస్థాన చిత్రకారుడు కోల్డరర్‌ది ఒకటి, డ్యూరర్‌ది ఒకటి. ఆ దిమ్మెలను చెక్కించి సిద్ధపరచిన న్యూరెంబర్గు పనివాడు హీరోనిముస్ ఆండ్రియే. అతని చిహ్నానికి చోటు చాలలేదు. పదకొండడుగుల చిత్రంలో చోటు చాలలేదు!

ఆ చక్రవర్తియే చేయించిన ‘విజయయాత్ర’ అను మరియొక మహాచిత్రానికి కావలసిన 130కి పైగా దిమ్మెలను చెక్కించు భారం ఆగ్స్‌బర్గులో యోస్ట్ డి నెగ్కర్ అనునతడు వహించినాడు. ఇతడు ఆంట్వర్పు నుండి వచ్చిన నేర్పరి. 1512లో ఇతడు చక్రవర్తికి వ్రాసిన ఉత్తరం ఒకటి నిలిచి ఉన్నది. తనకు సహాయకులు కావలెననియు, వారు చెక్కిన దానిని చివరకు తాను స్వహస్తంతో సరిదిద్ది, అంతయు ఒకే చేతి పని అనిపించునట్లు చేయుదుననియు దాని సారాంశం. ఈ మాటలను నేను పలుమార్లు తలచుకొన్నాను. తన చేయి, తనవారి చేతులు కనిపించకుండ చేయుటయే ఈ విద్యలో పరిపూర్ణత. ఎంత బాగుగా చెక్కినచో అంతగా చెక్కినవాడు అదృశ్యుడగును. చూచువానికి చిత్రకారుని గీత ఒక్కటే కనిపించును. నటుడు బాగుగా నటించినపుడు నటుని మరచిపోవుదుము. కాని తెర దిగిన తరువాత అతని పేరు చెప్పుకొందుము. ఇతని విషయంలో తెర ఎన్నడును దిగలేదు.

కాని మానవుడు మానవుడే. ‘విజయయాత్ర’ దిమ్మెలు నేడు వియన్నాలో ఉన్నవి. వానిని త్రిప్పిచూచిన పండితులకు వెనుకవైపున చెక్కినవారి పేర్లు, తేదీలు కనిపించినవి. ఎవరి దిమ్మె ఎవరిదో లెక్క తెలియుటకు వ్రాసికొన్నవే అయి ఉండవచ్చును. అయినను ముందువైపు చక్రవర్తి వైభవం, వెనుకవైపు పనివాని పేరు — ఆ కొయ్య రెండువైపులను ఒక్కసారి చూడగలిగినచో ఎంత బాగుండును!

‘అయ్యా, చెక్కినవాడు ఇతరుని గీతను అనుసరించినవాడే కదా, కల్పన లేనివానికి కళాకారుని పక్కన పీట ఎందుకు?’ అని కొందరు అడుగుదురు. ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయుట న్యాయం కాదు. కల్పన చిత్రకారునిదే. చెక్కినవారిలో మొరటువారును ఉన్నారు. మంచి చిత్రాన్ని పాడుచేసినవారును ఉన్నారు. కాని ఆ మాటయే నా పక్షాన సాక్ష్యం చెప్పుచున్నది. ఒకడు పాడుచేయగలడన్నచో మరియొకడు నిలుపగలడనియే కదా అర్థం? ఎవరి చేతిలో పడినను ఒకటే అయినచో చెక్కినవాడు యంత్రంతో సమానం. అట్లు లేదు. అందుకు సాక్షి హాన్సు ల్యూట్సెల్‌బర్గర్.

హాన్సు హోల్బైన్ గీచిన ‘మృత్యునృత్యం’ చిత్రాలను పాఠకులలో కొందరు చూచియే ఉందురు. పోపు మొదలు పసిబిడ్డవరకు ఎవరిని విడువక మృత్యువు అస్థిపంజరరూపంలో వచ్చి చేయిపట్టి తీసికొనిపోవును. వీని పరిమాణం వినినవారు నమ్మరు: ఎత్తు రెండున్నర అంగుళాలు, వెడల్పు రెండంగుళాలు. ఆ కొద్దిచోటులో ఒక వృద్ధ కృషీవలుడు నాగలి పట్టి నడచుచున్నాడు. మృత్యువు ప్రక్కన పరుగిడుచు గుర్రాలను అదలించుచున్నది. దూరాన చర్చిగోపురం, దాని వెనుక అస్తమించు సూర్యుడు, విప్పారిన కిరణాలు. దున్నిన చాళ్ళు కూడ లెక్కపెట్టవచ్చును. మృత్యువు అక్కడ శత్రువువలె లేదు; ప్రొద్దుగ్రుంకినది, ఇక చాలునని చెప్పవచ్చిన పాలేరువలె ఉన్నది. ఈ భావం హోల్బైనుది. కాని కిరణాన్ని కిరణంగా, వెండ్రుకవంటి కొయ్యగీతగా నిలిపినది బాసెలు నగరంలోని ల్యూట్సెల్‌బర్గర్ కత్తి.

1526లో అతడు మరణించినాడు; పని ఇంకను పూర్తికాలేదు. అప్పులు మిగిలినవి. అతడు చెక్కిన దిమ్మెలు అప్పు క్రింద లియాను నగరంలోని ట్రెక్సెలు అను ముద్రాపకుని వశమైనవి. పండ్రెండేండ్లు గడచిన పిమ్మట, 1538లో, నలుబదియొక్క బొమ్మలతో ఆ పుస్తకం లియానులో వెలువడినది. అందులో హోల్బైను పేరు లేదు. ల్యూట్సెల్‌బర్గర్ పేరును లేదు. పీఠికలో మాత్రం, ఈ సొగసైన రూపాలను మనకిచ్చినవాడు మరణించినాడనియు, మిగిలిన బొమ్మలను పూర్తిచేయుటకు మరియొకరు సాహసింపలేదనియు విచారం వెలిబుచ్చినారు. అప్పటికి హోల్బైను లండనులో ఇంగ్లండు రాజు కొలువులో ఉన్నాడు. అతడు మరణించినది 1543లో. మరి ఆ విలాపం ఎవరిని గూర్చి? చెక్కినవానిని గూర్చియే అని పండితులలో పలువురి అభిప్రాయం. చిత్రకారుడు బ్రతికియుండగనే ఆ చిత్రాలు అనాథలైనవని ముద్రించినవారు భావించినారన్నమాట! గీత గీచినవాడు మరల గీయగలడు; ఆ కత్తి పట్టువాడు మరి దొరకడని వారికి తెలియును.

అతడు మాత్రం తన పేరును పూర్తిగా వదలుకొనలేదు. ఆ చిత్రాలలో దొరసానిది ఒకటి ఉన్నది. మంచంమీద లేచి కూర్చున్న ఆమె దుప్పటిని మృత్యువు లాగుచుండగా, వేరొక అస్థిపంజరం ఫిడేలు వాయించుచుండును. ఆ మంచపు కాలిమీద మిక్కిలి చిన్నవిగా రెండు అక్షరాలు: హెచ్, ఎల్. హాన్సు ల్యూట్సెల్‌బర్గర్. భూతద్దం లేనిదే కనిపించుట కష్టం.

ఈ విషయాలు తెలిసిన పిమ్మట ‘డ్యూరర్ చెక్కినది’, ‘హోల్బైను చెక్కినది’ అని వ్రాయుట ఎంత అన్యాయమో వేరుగా చెప్పనక్కరలేదు. విదేశాలలోని పెద్ద ప్రదర్శనశాలలు కొన్ని తమ పట్టికలలో గీచినవారి పేరు, చెక్కినవారి పేరు వేరువేరుగా చూపుచున్నవి. మన భాషలో చిత్రకళను గూర్చి వ్రాయువారు ఆ పాటి శ్రద్ధ వహింపరాదా? పేరు తెలిసినచోట పేరు వ్రాయుడు. తెలియనిచోట ‘చెక్కినవారు ఎవరో తెలియదు’ అని వ్రాయుడు. ఆ మూడు మాటలకు అచ్చులో పట్టు చోటు స్వల్పం. అక్కడ మరియొక మనిషి ఉన్నాడన్న సంగతి మాత్రం పాఠకునకు తెలియును. నా కోరిక ఇంతే. చెక్కినవానిని చిత్రకారునికంటె పైన కూర్చుండబెట్టుమని నేను కోరుట లేదు.

ఈ పని అసాధ్యం కాదని ఆ కాలంలోనే ఒకడు చేసి చూపినాడు. అతడు చిత్రకారుడు కాడు, వైద్యుడు. లియొన్‌హార్ట్ ఫూక్సు 1542లో బాసెలులో ఓషధులను గూర్చి ఒక మహాగ్రంథం ప్రకటించినాడు. అందులో 500లకు పైగా మొక్కల బొమ్మలు, చాలభాగం పుట నిండుగా ఉన్నవి. మొక్క రూపం మరుగుపడునన్న భయంతో చిత్రకారులను నీడలతో, అలంకారాలతో విహరింపనీయలేదని అతడే చెప్పుకొన్నాడు. నీడలు లేనపుడు చెక్కినవానికి దాగుకొనుటకు చోటులేదు. ఆకు అంచు వెంట పోవు ఒంటిగీత ఎక్కడ వణకినను కనిపించును. ఆ బొమ్మలలో గీత వణకలేదు.

ఆ గ్రంథం చివర ఒక పుట ఉన్నది. పైభాగంలో ఇద్దరు పనిలో నిమగ్నులై ఉన్నారు. ఆల్బ్రెక్ట్ మేయర్ మొక్కను చూచి కాగితంపై గీయుచున్నాడు. హైన్రిఖ్ ఫుల్‌మౌరర్ ఆ బొమ్మను కొయ్యదిమ్మెమీదికి ఎక్కించుచున్నాడు. వారిద్దరి క్రింద, ఒంటరిగా, పేరుతో సహా, స్ట్రాసుబర్గు పనివాడు ఫైట్ రుడాల్ఫు స్పెక్లే. చేతిలో కత్తి లేదు. మంచి దుస్తులు ధరించి మర్యాదస్థునివలె నిలిచి ఉన్నాడు. ఆ నగరంలో అతనిని మించిన చెక్కడపు పనివాడు లేడని ఫూక్సు ప్రశంసించినాడు. ఆ పుటలోని బొమ్మకు దిమ్మె చెక్కినవాడును బహుశః అతడే. కనుబొమ్మలు, గడ్డపు వెండ్రుకలు, ముక్కు ప్రక్కని ముడత — ఒక్కొక్క గీతకు నాలుగు కోతల చొప్పున, తన ముఖం చుట్టును ఉన్న కొయ్యను తానే తొలగించుకొనుచు పోయి ఉండును.